అరవలేదు, పెనుగులాడలేదు. అయినా అది నేరమేనా?

ప్రశ్న: హనుమకొండలో పీజీ చదువుతున్నాను. నాలుగు నెలల కింద ప్రాజెక్టు పనిమీద క్లాస్‌మేట్ రూమ్‌కి వెళ్లాను. వద్దన్నా వినలేదు. భయంతో బిగుసుకుపోయాను, అరవలేదు. మర్నాడు ఏమీ జరగనట్టే అతనితో చాటింగ్ చేశాను. మొన్న హాస్టల్లో ఇలాంటి మాటే వచ్చినప్పుడు, నాకు జరిగిందీ అదేనేమో అనిపించింది. దాన్ని రేప్ అంటారా? ఆలస్యమైపోయిందా?

జవాబు: అమ్మా, నా దగ్గరికొచ్చే అమ్మాయిలు మొదట అనేది ‘ఏదో అయింది మేడం’ అనే. రేప్ అంటే చీకటి దారి, ముక్కూమొహం తెలియని మనిషి గుర్తొస్తాడు గానీ నోట్స్ ఇచ్చిన క్లాస్‌మేట్ గుర్తురాడు. చట్టానికి ఆ తేడా లేదు.

భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ ప్రకారం సమ్మతి అంటే మీరు ఇష్టపడి, స్పష్టంగా ఒప్పుకోవడం. పెనుగులాడలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు లెక్కకట్టకూడదని అందులోనే ఉంది. ఈ మాట ఊరికే రాలేదు. మథుర అనే ఆదివాసీ అమ్మాయిపై పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారం జరిగిందన్న కేసులో ఒంటిమీద గాయాల్లేవని, కేకలు వేయలేదని 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. మహిళలు రోడ్డెక్కాక 1983లో చట్టం మారింది, ఈ మాట అప్పటి ఐపీసీలో చేరడానికి మాత్రం 2013 దాకా పట్టింది.

మీకు జరిగింది 63 (రేప్) కిందికి వస్తుందా, 74 (మహిళ గౌరవానికి భంగం కలిగించేలా బలప్రయోగం) కిందికా అన్నది తేల్చే పని మీది కాదు. జరిగింది జరిగినట్టు రాయండి, పేరు పెట్టక్కర్లేదు.

ఆ చాటింగ్‌ను అవతలి లాయరు కోర్టులో తప్పకుండా లాగుతాడు, దాచను. అయినా డిలీట్ చేయకండి. రోజూ క్లాసులో ఎదురుపడే మనిషితో మామూలుగా ఉన్నట్టు నటించడం చాలామంది చేసేదే, అడిగితే అదే చెప్పండి. అతను ‘సారీ’ అని ఎక్కడైనా పెట్టి ఉంటే అది మీకే పనికొస్తుంది.

పోలీసు కేసుకు గడువు దాటలేదు, ఆలస్యానికి కారణం చెబితే చాలు. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు (దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు), మహిళా అధికారే రాసుకోవాలి. తొందరపడాల్సింది లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కాలేజీ అంతర్గత కమిటీ విషయంలోనే. దానికి గడువు 3 నెలలు. కారణం సరైనదని కమిటీ అనుకుంటే మరో 3 నెలలు పొడిగించవచ్చు. మీకు నాలుగు నెలలు దాటాయి, కాబట్టి ఆలస్యం ఎందుకైందో రాసి ఈ వారంలోనే ఇవ్వండి. రెండు చోట్లా ఫిర్యాదు చేయవచ్చు.

ఫీజు టెన్షన్ వద్దు. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. కేసు పెట్టాలో వద్దో ఇంకా తేల్చుకోలేకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి మాట్లాడండి. ఈలోపు గుర్తున్నదంతా ఇవాళ్టి తేదీ వేసి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.