విమానం కిటికీ సీను ఇలా మార్చి చూడు

నీ కథలో రాయగడ కుర్రాడు ఎగురుకుంటూ వెళ్లి జెట్ విమానం కిటికీలోంచి మరదలితో కబుర్లు చెప్పే సీను తేలిపోతోందని, ఎలా సరిచేయాలని అడిగావు కదా తమ్ముడూ. 35,000 అడుగుల ఎత్తులో చలి మైనస్ 50 డిగ్రీలు దాటుతుంది, విమానం గంటకు 850 కిలోమీటర్ల పైనే పోతుంటుంది, పైగా ఆ కిటికీకి మూడు పొరలు, ఇక మాటలేం వినపడతాయి? సైగలు చేయించు.

లేదా ఒడిశాలోని జయపురం లాంటి చిన్న ఎయిర్‌పోర్టులో దిగే తొమ్మిది సీట్ల సెస్నా విమానం పెట్టుకో, దిగేముందు కొండల మీదుగా కిందుగా, నెమ్మదిగా వస్తుంది, కాకపోతే ముక్కు మీద ప్రొపెల్లర్ తిరుగుతుంటుంది కాబట్టి మనవాణ్ని వెనక నుంచే తీసుకురా. 1978 నాటి సూపర్‌మ్యాన్‌లో పిడుగుపడి ఇంజిన్ పోతే హీరో విమానం రెక్క పట్టుకుని ఆ ఇంజిన్ పని తనే చేస్తాడు, కిటికీ జోలికే పోడు.

అన్నట్టు, ఏటీసీకి (కింద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోల్ వాళ్లకి) ఏం చెప్పాలో తెలియక పైలట్ నీళ్లు నమిలే ముక్క ఒకటి కచ్చితంగా రాయి, మరదలి డైలాగుల కన్నా అదే పేలుతుంది.