ఏజెన్సీ కోడ్ రద్దవుతుందని మెసేజ్ వచ్చింది, శిక్షణ యాప్ ఇన్‌స్టాల్ చేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఆరు నెలల క్రితం ఐసీ-38 అనే పరీక్ష పాసై బీమా ఏజెంట్ అయ్యారు. ‘శిక్షణ పూర్తి చేయకపోతే ఈ రాత్రికి మీ కోడ్ రద్దు’ అంటూ వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఇన్‌స్టాల్ అయ్యే యాప్ ఫైల్ వచ్చింది. దాన్ని ఇన్‌స్టాల్ చేయాలా, అసలు పరీక్ష అయిపోయాక ఇంకా చదవాల్సిన పనేముంది అని అడిగారు.

వద్దు. దాన్ని ముట్టుకోకండి. నేను ముట్టుకున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

తెనాలిలో 2006 నుంచి ఇదే పని నాది. అప్పట్లో లైసెన్సు మూడేళ్లకే ఇచ్చేవారు. రెన్యువల్‌కు ముందు 25 గంటల శిక్షణ ఉండేది. గుంటూరు బస్సెక్కి వెళ్లి, రిజిస్టర్లో సంతకం పెట్టి, భోజనాల తర్వాత సగంమందిమి కునుకు తీసి వచ్చేవాళ్లం. 2015లో బీమా చట్టం మారింది. ఆ తర్వాత ఏజెంటును నియమించేది కంపెనీయే, ఆ మూడేళ్ల రెన్యువల్ గొడవే లేదు. ఈ సంగతి మా డెవలప్‌మెంట్ ఆఫీసరు మీటింగులో చెప్పే ఉంటారు. నేను టీకి బయటికి వెళ్లి ఉంటాను.

అందుకే 2023లో ఒక శనివారం సాయంత్రం ‘రెన్యువల్ శిక్షణ బాకీ’ అని మెసేజ్ వస్తే అనుమానం రాలేదు సరికదా, అయ్యో మర్చిపోయానే అని కంగారుపడ్డాను. పైన కంపెనీ గుర్తు ఉంది, కింద నా పేరు ఉంది. ఫైల్ నొక్కాను. ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడిగింది, ఇచ్చాను. ఫొటోలు చూడటానికి అడిగింది, అదీ ఇచ్చాను. శిక్షణ యాప్‌కి నా ఎస్సెమ్మెస్‌లతో ఏం పని అని ఒక్క క్షణం ఆగి ఉంటే సరిపోయేది. పావుగంటలో ఖాతాలోంచి 18,400 రూపాయలు పోయాయి. ఓటీపీలు నా ఫోన్‌కే వచ్చాయి, నాకంటే ముందు వాళ్లు చదివేశారు.

మా అబ్బాయి ఫోన్ లాక్కుని డేటా ఆపేశాడు. వాడి ఫోన్ నుంచి బ్యాంకుకి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేశాం. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరుగెడుతూ ఉంటుంది, విత్‌డ్రా అయ్యేలోపు ఫిర్యాదు చేరితేనే ఆపగలరు. నాకు కొంత వెనక్కి వచ్చింది. ఆ నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి, కంగారులో వెతికితే దొరకదు.

డబ్బు పోతే పోయింది. అసలు దెబ్బ వారం తర్వాత తగిలింది. మా వీధి చివర రిటైరైన టీచరమ్మగారికి ఎవరో ఫోన్ చేసి, పాలసీ నంబరుతో సహా చెప్పి, ‘ఆగిపోయిన బోనస్ విడుదలైంది, ముందు జీఎస్టీ కట్టండి’ అన్నారట. ఆవిడ తెలివైన మనిషి, కట్టలేదు. నా దగ్గరికొచ్చి, ‘ఏమయ్యా, నా పాలసీ నంబరు నీకూ నాకూ కాక ఇంకెవరికి తెలుసు?’ అని అడిగారు. నాకు నోరు పెగల్లేదు.

ఆ రాత్రి నా ఫోన్ గ్యాలరీ తెరిచి చూశాను. మనవరాలి పుట్టినరోజు ఫొటో, పక్కనే ఎవరిదో ఆధార్. తిరుపతి వెళ్లినప్పటి ఫొటో, పక్కనే క్యాన్సిల్ చేసిన చెక్కు, ఎవరిదో షుగర్ రిపోర్టు, సంతకం పెట్టిన ప్రపోజల్ ఫారం. ఏళ్ల తరబడి ఇళ్లల్లో నిలబడి టకటకా తీసినవి. మన ఫోన్ మనది మాత్రమే కాదండీ. ఇప్పుడు కాగితాలు కంపెనీ యాప్‌లో అప్‌లోడ్ కాగానే, కస్టమర్ ముందే గ్యాలరీలోంచీ ట్రాష్‌లోంచీ తీసేస్తున్నాను. వాట్సాప్‌కు రెండంచెల పిన్ పెట్టాను. ఏజెంట్ పోర్టల్ పాస్‌వర్డ్ డైరీలో రాసుకుంటాను. మావాడు నవ్వుతాడు గానీ, నాకదే నయం.

ఇక చదువు సంగతి. మీకు వచ్చే బెదిరింపుల్లో చాలావరకు నిబంధనలు తెలియనివాళ్ల మీదే పనిచేస్తాయి. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ పాలసీలు అమ్మదు, బోనస్ ఇస్తామని ఎవరికీ ఫోన్ చేయదు. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీయే లేదు. పాలసీ నచ్చకపోతే వెనక్కిచ్చే ఫ్రీలుక్ గడువు 30 రోజులు. ఆరోగ్య బీమాలో ముందునుంచీ ఉన్న జబ్బులకు క్లెయిమ్ రాని వెయిటింగ్ కాలం గరిష్ఠంగా మూడేళ్లు, అంతకుముందు నాలుగు ఉండేది. ఈ చివరి రెండూ 2024లో వచ్చిన మార్పులు. పాత బ్రోషర్ పట్టుకుని నాలుగేళ్లని చెబితే కస్టమర్ మనల్నే అనుమానిస్తాడు, తప్పు లేదు.

శిక్షణ కోసం ఏపీకేలు అక్కర్లేదు. కంపెనీ పెట్టే పాఠాలు దాని సొంత యాప్‌లో, మీ లాగిన్‌లోనే ఉంటాయి. ప్లే స్టోర్ నుంచి మీరే వెతికి తెచ్చుకోండి, ఎవరో పంపిన లింక్‌లోంచి వద్దు. ఇంకా లోతుగా కావాలంటే ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలోషిప్ పరీక్షలు పెడుతుంది. యాభై దాటాక లైసెన్షియేట్‌కు కూర్చున్నాను. పాలసీ ఇవ్వాలా వద్దా, ఎంత ప్రీమియానికి అని కంపెనీ తేల్చే అండర్‌రైటింగ్ పాఠం చదివాకే, కస్టమర్ చెప్పిన బీపీ సంగతిని ఫారంలో ఎందుకు దాచకూడదో నాకు నిజంగా ఎక్కింది. అంతకుముందు ‘లేదని రాయండి, ఏం కాదు’ అని రాయించేవాణ్ని, కొన్నిసార్లు వదిలేయించేవాణ్ని కూడా. సిగ్గుపడే చెబుతున్నాను.

మీకొచ్చిన మెసేజ్‌ను ఇంకా డిలీట్ చేయకపోతే ఫైల్ తెరవకుండా, నంబరు కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి, సోమవారం బ్రాంచిలో చూపించండి. ఆ మెసేజ్ మీ ఒక్కరికే వచ్చి ఉండదు, ఈపాటికి ఎవరో ఒకరు నొక్కేసి ఇంట్లో చెప్పలేక కూర్చుని ఉంటారు.