కుట్లు వేసే ముందు వేళ్లు చూడు

అమ్మా,

క్యాజువాలిటీలో చేరావని తెలిసి సంతోషించాను. ముప్పై ఏళ్లు చేతుల ఆపరేషన్లు చేసినవాడిగా ఒక్క మాట చెబుతాను. చేతికి గాజు పెంకు గుచ్చుకున్న పిల్లలు వస్తే, గాయం చిన్నదే కదా అని రెండు కుట్లు వేసి పంపకు. అర సెంటీమీటరు గాయం కింద కూడా టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపి వేలిని వంచే తాడు లాంటిది, పూర్తిగా తెగి ఉండవచ్చు.

వేలు వంచమంటే మూడేళ్ల పిల్ల వంచదు, ఏడుస్తుంది. తల్లి ఒడిలోనే ఉండనిచ్చి, నొప్పికి మందు వేసి, చేతిని చూస్తూ కాసేపు కూర్చో. వదులుగా ఉన్న చేతిలో చూపుడు వేలి నుంచి చిటికెన వేలి దాకా వంపు క్రమంగా పెరుగుతుంది. ఆ వరుసలో ఒక వేలు పుల్లలా చాచుకుని ఉంటే అనుమానించు. మణికట్టును మెల్లగా వెనక్కి వంచితే మిగతా వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి, అది ముడుచుకోదు. పిల్ల నిద్రపోతే ఈ పరీక్ష ఇంకా తేలిక.

వేలు నడిమి కణుపు దగ్గర వంగుతోందని తృప్తి పడకు. కొస కణుపు కూడా వంగాలి. అక్కడే నేను ఒకసారి పొరబడ్డాను. ఐదేళ్ల బాబు, గాజు గ్లాసు పగిలి ఉంగరం వేలు కోసుకుంది. కుట్లు వేసి పంపాను. మూడు నెలలకు తల్లి తీసుకొచ్చింది. "అన్నం కలుపుతుంటే ఈ వేలి కొస ముద్దలోకి రావడం లేదండీ" అంది. ఆ ఇంట్లో కంచం ముందు కనబడినది నాకు బల్ల మీద కనబడలేదు. అప్పటికి టెండన్ అరచేతిలోకి జారిపోయింది. ఒక ఆపరేషన్‌తో అయ్యేదానికి రెండు పట్టాయి.

తల్లిదండ్రులు "నరం తెగిందా?" అని అడుగుతారు. మనవాళ్లకు టెండన్, రక్తనాళం, స్పర్శ తెలిపే నరం అన్నీ నరాలే. ఏది తెగిందో విడదీసి చెప్పు. ఎక్స్‌రే తీయించు, గాజు ముక్క మిగిలి ఉంటే చాలావరకు కనబడుతుంది. అనుమానం తీరకపోతే గాయం కడిగి, ధనుర్వాతం టీకా చూసుకుని, చేతికి బద్ద కట్టి చేతుల సర్జన్ దగ్గరకు పంపు. మత్తు ఇచ్చి తెరిచి చూడడమే దారి. వేలు పాలిపోయి చల్లబడితే మాత్రం ఆ క్షణమే పంపాలి.

ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లకు త్వరగా వ్యాయామం మొదలుపెడతాం. చిన్నపిల్లలు చెప్పినట్టు చేయలేరు కాబట్టి, మోచేయి పైదాకా మూడు నాలుగు వారాలు కట్టు ఉంచుతాం. వాళ్ల కీళ్లు పెద్దవాళ్లంత బిగుసుకుపోవు. మోచేయి కిందికే కడితే పిల్లలు లాగి పారేస్తారు, కుట్టిన టెండన్ మళ్లీ తెగుతుంది. కట్టు జారినా తడిసినా ఆ రోజే రమ్మని తల్లికి చెప్పు. ఆసుపత్రి ఫోను నంబరు చీటీ మీద నువ్వే రాసి ఇవ్వు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు