ఆస్ట్రేలియా పీఆర్: ఏజెంటుకు డబ్బు కట్టే ముందు మీ లెక్క మీరు వేసుకోండి

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఈసీఈలో బీటెక్ చేసి ఏడేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. మావారు సివిల్ ఇంజినీర్. ఆయనకు 32 నిండాయి, వచ్చే మార్చికి 33 వస్తాయి. తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. అందులో మొదటి రెండేళ్లు వరంగల్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర చేశారు, జీతం చేతికే ఇచ్చేవారు. మాకు నాలుగేళ్ల బాబు. ఆస్ట్రేలియా పీఆర్ కోసం అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, నా పేరు మీద 75 పాయింట్లు వస్తాయి, వీసా గ్యారంటీ అన్నారు. ఫీజు 1,80,000, జీఎస్టీ అదనం. రిజిస్ట్రేషన్ కింద 25,000 కట్టేశాం. మిగతాది నెలాఖరులోగా కడితే డిస్కౌంటట. మా తమ్ముడేమో అంతా మనమే చేసుకోవచ్చు, ఏజెంటు దండగ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఏజెంటు గురించే అయినా, మీ ఉత్తరంలో నాకు ముందుగా కనిపించింది వేరే సంగతి. ఇంట్లో ఇద్దరు ఇంజినీర్లు ఉన్నారు. ఎవరిని ప్రధాన దరఖాస్తుదారుగా పెడితే మేలో ఎవరూ చూసినట్టు లేదు. కన్సల్టెన్సీకి వెళ్లింది మీరు కాబట్టి మీ పేరు మీదే లెక్క కట్టి ఇచ్చేశారు. ఆ లెక్క నేనూ వేసి చూశాను.

మీ వయసుకు 30, బీటెక్‌కు 15. ఐఈఎల్టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ 7 తెచ్చుకుంటే 10. ఏడేళ్ల అనుభవానికి 10, భర్తకు మరో 10 వేసుకుని 75 చెప్పి ఉంటారు. చివరి రెండూ అనుమానమే. సాఫ్ట్‌వేర్ వాళ్ల అర్హతను పరిశీలించే ఏసీఎస్, మీ అనుభవంలో మొదటి కొన్నేళ్లను చదువుకు తోడుగా కలిపేసుకుని మిగతా కాలాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఆ కోత సాధారణంగా 2 నుంచి 4 ఏళ్లు. మీది ఈసీఈ కాబట్టి కోర్సులో కంప్యూటర్ సబ్జెక్టులు ఎన్ని ఉన్నాయన్నది చూస్తారు. నాలుగేళ్లు తీసేస్తే మిగిలేది మూడు, వచ్చేది 5 పాయింట్లు. ఇక భర్త పేరిట 10 రావాలంటే ఆయన కూడా అర్హత పరిశీలన చేయించుకుని, ఇంగ్లిష్ పరీక్ష పాసవ్వాలి. ఇంగ్లిష్ ఒక్కటే ఉంటే 5. అంటే వాళ్లు చెప్పిన 75 కాస్తా 65 దగ్గర ఆగవచ్చు. 65 అన్నది క్యూలో నిలబడటానికి కావలసిన కనీస అర్హత, అంతే. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈమధ్య కాలంలో ఎవరి నామినేషనూ అక్కర్లేని పీఆర్ వీసా 189 కింద ఆ పాయింట్లతో, వీసాకు దరఖాస్తు చేసుకోమన్న పిలుపులు రావడం లేదు.

ఇప్పుడు మీవారి సంగతి చూడండి. వయసుకు 30, చదువుకు 15, ఇంగ్లిష్‌కు 10. ఇంజినీర్ల అర్హతను చూసేది ఇంజినీర్స్ ఆస్ట్రేలియా. ఏసీఎస్ లాంటి కోత అక్కడ లేదు. బ్యాంకు జీతంతో చూపించగలిగిన ఏడేళ్లకే 10 వస్తాయి. మీకు ఏసీఎస్ నుంచి సానుకూల ఉత్తరం ఉండి, మీ ఇంగ్లిష్ కనీస స్థాయికి చేరితే మీ పేరిట ఆయనకు మరో 10. మొత్తం 75. వరంగల్ రెండేళ్లలో ఒక్క ఏడాదైనా రుజువైతే అనుభవం ఎనిమిదేళ్లకు చేరుతుంది, అప్పుడు 15 వస్తాయి, మొత్తం 80. పైగా ఇళ్లు, రోడ్లు కట్టేవాళ్ల కొరత అక్కడ ఉంది కాబట్టి సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోలిస్తే సివిల్ ఇంజినీర్లకు తక్కువ పాయింట్లతోనే పిలుపులు వస్తున్నాయి. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేసే 190 వీసాకైతే 5 పాయింట్లు, ప్రాంతీయ వీసా 491కైతే 15 కలుస్తాయి. అయితే 491 వెంటనే పీఆర్ ఇవ్వదు. అది ఐదేళ్ల తాత్కాలిక వీసా. మూడేళ్లు ఆ ప్రాంతాల్లో ఉండి పనిచేశాకే పీఆర్ ఇచ్చే 191 వీసాకు దారి.

దీంట్లో ఒక తొందర ఉంది. వయసు పాయింట్లు పిలుపు వచ్చిన రోజు వయసును బట్టి ఇస్తారు. మార్చిలో ఆయనకు 33 నిండగానే 30 కాస్తా 25 అవుతుంది. నెలాఖరు డిస్కౌంటు గురించి ఆలోచించకండి. మీరు చూసుకోవలసిన గడువు ఆయన పుట్టినరోజు.

ఇదంతా ఆస్ట్రేలియా హోం అఫైర్స్ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే సమాచారమే. చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఏయూ ఉందో లేదో చూసుకుని, ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని పాయింట్ల పట్టిక నింపండి. ఆ పని మీరు చేయకముందే ఏజెంటు దగ్గరకు వెళ్తే, ఆయన చెప్పింది సరైనదో కాదో మీకు తెలిసే దారి ఉండదు.

ఇక అసలు ప్రశ్న. మీ తమ్ముడి మాటలో నిజముంది. స్కిల్ సెలెక్ట్ అనే అక్కడి ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో ఈఓఐ, అంటే మీ పాయింట్లు చూపి వీసాపై ఆసక్తి తెలిపే ఫారం, వేయడానికి ప్రభుత్వం ఒక్క పైసా తీసుకోదు. రైల్వే టికెట్టు బుక్ చేసుకోగలిగినవాళ్లు ఆ ఫారం నింపగలరు. పాస్‌పోర్ట్ సేవ నుంచి పోలీసు క్లియరెన్సు, ఆసుపత్రిలో మెడికల్, మార్కుల మెమోలు స్కాన్ చేసి పెట్టడం, ఇవన్నీ ఏజెంటు ఉన్నా మీరే తిరిగి తెచ్చుకోవాలి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉందని మనవాళ్లు చాలామంది కంగారు పడతారు. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ జతచేసి, ఫారంలో ఇతర పేర్లు అడిగిన చోట ఆ పేరు రాస్తే సాధారణంగా సరిపోతుంది. దానికి లక్షలు అక్కర్లేదు.

మీ కేసులో నిజంగా ఇంకొకరి బుర్ర కావలసిన చోటు ఒకటుంది, వరంగల్ రెండేళ్లు. పే స్లిప్ లేదు, పీఎఫ్ లేదు, ఫారం 16 లేదు. ఆ కాలాన్ని ఎలా చూపించాలి? కాంట్రాక్టరు ఉత్తరం, అప్పటి సైటు కొలతల పుస్తకాలు, మీవారు బ్యాంకులో వేసుకున్న డబ్బు, పక్కన పనిచేసినవాళ్ల అఫిడవిట్లు, వీటిలో ఏది నిలబడుతుంది, ఏది అనుమానం పెంచుతుంది? రుజువు బలహీనంగా ఉంటే ఆ 5 పాయింట్లు వదులుకోవడమే మంచిదా? ఇలాంటివి చాలా కేసులు చూసినవాళ్లే చెప్పగలరు. దానికి మొత్తం ప్యాకేజీ కొననక్కర్లేదు. ఆస్ట్రేలియాలో రిజిస్టరైన మైగ్రేషన్ ఏజెంటుతో ఒక గంట వీడియోలో మాట్లాడితే చాలు. కొన్ని వందల డాలర్లు పడుతుంది. మీ కాగితాలు ముందే పంపి, ప్రశ్నలు రాసుకుని కూర్చోండి. ఆ గంట తర్వాత కూడా చేయలేమనిపిస్తే అప్పుడు పూర్తి పని అప్పగించండి.

పూర్తిగా ఏజెంటుకే ఇవ్వమని నేను గట్టిగా చెప్పే కుటుంబాలూ ఉన్నాయి. ఇదివరకు ఏ దేశానికైనా వీసా తిరస్కరించినవాళ్లు, 498ఏ లాంటి కేసు నడుస్తున్నవాళ్లు, విడాకులై పిల్లల్ని వెంట తీసుకెళ్లాలనుకునేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు గానీ బిడ్డకు ఎదుగుదల సమస్య గానీ ఉన్నవాళ్లు. ఆరోగ్య నిబంధనకు కుటుంబంలో ఒక్కరు ఆగిపోతే అందరి వీసా ఆగిపోతుంది. వీటిలో ఏదైనా మీ ఇంట్లో ఉండి నాకు రాయకపోతే, పైన చెప్పిన గంట సలహా చాలదు.

రిజిస్టరైన ఏజెంటు అన్నానుగా, అది ఎలా చూసుకోవాలో చెబుతాను. ఆస్ట్రేలియా గడ్డ మీద డబ్బు తీసుకుని వీసా సలహా ఇవ్వాలంటే ఏజెంట్లను నమోదు చేసే అక్కడి ప్రభుత్వ కార్యాలయం ఓమారా (మన దగ్గర మారా అంటారు) దగ్గర నమోదు కావాలి, లేదా అక్కడ ప్రాక్టీసు చేసే లాయరై ఉండాలి. కానీ ఆ చట్టం అమీర్‌పేట దాకా రాదు. ఇక్కడ బోర్డు పెట్టుకోవడానికి ఆ నమోదు అవసరం లేదు. (కెనడాకు లెక్క వేరు. డబ్బు తీసుకుని దరఖాస్తుదారు తరఫున నిలబడేవాళ్లకు, ఏ దేశంలో కూర్చున్నా, ఆ దేశ లైసెన్సు ఉండాలి.) అందుకే మన దగ్గర చాలాచోట్ల "మా సిడ్నీ ఆఫీసులో మారా ఏజెంటు ఉన్నారు" అన్న మాట వినిపిస్తుంది. ఉండవచ్చు. ఆయన పేరు, ఏడంకెల నంబరు అడగండి. ఓమారా వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి, పేరు కలుస్తోందో, నమోదు ఇంకా చెల్లుబాటులో ఉందో చూడండి. తర్వాత ఆ మనిషితోనే వీడియోలో పది నిమిషాలు మాట్లాడించమనండి. మీ దరఖాస్తుకు ప్రతినిధిగా ఫారం 956లో ఆయన పేరే ఉంటుందా అని అడగండి. అక్కడ నీళ్లు నమిలితే ఆ నంబరు గోడకు తగిలించుకోవడానికే అని అర్థం. గ్యారంటీ అన్న మాట ఒక్కటి చాలు, నేనైతే లేచి వచ్చేస్తాను. వీసా ఇచ్చేది అక్కడి ప్రభుత్వం. రిజిస్టరైన ఏ ఏజెంటుకూ ఆ మాట అనే హక్కు లేదు.

ఖమ్మం వైపు నుంచి ఒక అబ్బాయి నా దగ్గరకు వచ్చాడు, అన్నీ అయిపోయాక. ఏసీఎస్ అతని అనుభవంలో నాలుగేళ్లు తీసేసి ఉత్తరం ఇచ్చింది. కన్సల్టెన్సీ ఆ ఉత్తరం పక్కన పెట్టి ఈఓఐలో మొత్తం అనుభవం వేసేసింది. పిలుపు వచ్చింది, ఇంట్లో స్వీట్లు పంచారు, వీసా ఫీజు కట్టారు. పరిశీలనలో ఆ పాయింట్లు నిలవలేదు, వీసా తిరస్కరించారు. కట్టిన ఫీజు తిరిగి రాదు. ఆ ఈఓఐని తను ఒక్కసారి కూడా చూడలేదని చెప్పాడు. ఈమెయిల్ కూడా కన్సల్టెన్సీ వాళ్లు సృష్టించిందే, పాస్‌వర్డు వాళ్ల దగ్గరే. అతను బాగా చదువుకున్నవాడు, మంచి ఉద్యోగం చేస్తున్నవాడు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే, ఏజెంటును పెట్టుకున్నా పెట్టుకోకపోయినా, ఈమెయిల్ మీదే ఉండాలి. స్కిల్ సెలెక్ట్, వీసా దరఖాస్తు వేసే ఇమ్మి అకౌంట్ లాగిన్లు మీ దగ్గర ఉండాలి, లేదా వాటిలో ఏముందో ఎప్పుడంటే అప్పుడు చూసే వీలుండాలి. ప్రతినిధిని పెట్టుకున్నాక శాఖ ఉత్తరాలు ఆయనకే వెళ్తాయి. ఇంకో కాగితం కావాలని అడిగితే సాధారణంగా 28 రోజుల గడువిస్తారు. ఆయన సెలవులో ఉంటే నష్టపోయేది మీరు. సబ్మిట్ నొక్కే ముందు ప్రతి పేజీ చదివి, తేదీలు మీ ఉత్తరాలతో సరిచూసుకోండి. ప్రభుత్వ ఫీజులు మీ కార్డుతో మీరే కట్టండి. ప్రధాన దరఖాస్తుదారుకే వీసా ఫీజు ఇప్పుడు 4,900 ఆస్ట్రేలియా డాలర్ల పైమాట, జూలై వస్తే తరచూ పెరుగుతుంది. మీకూ బాబుకూ మళ్లీ వేరే. కన్సల్టెన్సీ చెప్పిన 1,80,000లో ఇదేదీ ఉండదని గుర్తుంచుకోండి.

మీవారికి ఇంకొక హెచ్చరిక. ఇంజినీర్స్ ఆస్ట్రేలియాకు సీడీఆర్ అని ఒక నివేదిక రాయాలి. తను చేసిన మూడు పనుల గురించి, ఒక్కొక్కటి 1,000 నుంచి 2,500 పదాల్లో, నేను ఏం చేశాను అని సొంత మాటల్లో చెప్పాలి. దీన్ని రాసిపెడతామని అమ్మేవాళ్లు ఊరూరా ఉన్నారు. అదే వంతెన, అదే కథ పది మందికి అమ్ముతారు. అక్కడ కాపీని సాఫ్ట్‌వేర్‌తో పట్టుకుంటారు, పట్టుబడితే దరఖాస్తు తిరస్కరించి కొంతకాలం నిషేధం పెడతారు. ఇంగ్లిష్ సరిదిద్దించుకోండి, తప్పులేదు. రాయడం మాత్రం ఆయనే రాయాలి. సైటులో కాంక్రీటు పోయించిన మనిషికి తన పని గురించి చెప్పడం రాదంటే నేను నమ్మను. అలాగే అనుభవ పత్రం "చేయించి పెడతాం" అని ఎవరన్నా అంటే ఆ గది నుంచి బయటికి వచ్చేయండి. దొంగ పత్రం బయటపడితే మూడేళ్ల పాటు చాలా వీసాలకు తలుపులు మూసుకుంటాయి. మాకు తెలియదు, ఏజెంటు పెట్టాడు అంటే సాధారణంగా వినరు.

కాబట్టి ఈ వారం ఇద్దరూ ఐఈఎల్టీఎస్ స్లాట్లు బుక్ చేసుకోండి. ఆయన సీడీఆర్‌లో మొదటి పని గురించి రాయడం మొదలుపెట్టమనండి. మీరు ఏసీఎస్‌కు కంపెనీ ఉత్తరం అడగండి. మీ పని వివరాలు రాసి ఇవ్వడానికి హెచ్‌ఆర్ వాళ్లు ఒప్పుకోకపోతే, మీ సీనియర్ ఒకరితో అఫిడవిట్ తీసుకుని పే స్లిప్పులు జతచేసే దారి ఉంది. వరంగల్ కాంట్రాక్టరు ఇంకా అందుబాటులో ఉన్నారో లేదో ఈ ఆదివారమే ఫోన్ చేసి కనుక్కోండి. ఆయన దొరికాకే ఏజెంటుతో ఆ గంట పెట్టుకుంటే ఆ డబ్బుకు విలువ.

కట్టేసిన 25,000 గురించి. రశీదు వెనక, ఒప్పందంలో ఏం రాసి ఉందో ముందు చదవండి. గ్యారంటీ అన్న మాట, మారా నంబరు, వాపసు షరతులు, మూడూ ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో వద్దు. జవాబు దాటవేస్తే, సేవ ఇంకా మొదలుకాలేదు, డబ్బు తిరిగివ్వండి అని అదే ఈమెయిల్ కింద రాయండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. తిరిగి రాకపోయినా సరే, ఆ పాతిక వేల కోసమని మిగతా లక్షన్నర కట్టకండి.