దగ్గు టానిక్ తాగి ఊదితే మెషీన్ మోగింది!

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. విజయవాడ నుంచి బెంగళూరుకు నైట్ సర్వీస్ ప్రైవేటు బస్సు నడుపుతాను. మందు అలవాటు లేదు. మూడు వారాలుగా దగ్గు ఉంటే మెడికల్ షాపులో ఇచ్చిన టానిక్, హోమియో చుక్కలు వాడుతున్నాను. మొన్న డ్యూటీకి ముందు బ్రీత్ ఎనలైజర్ మోగింది. ఆ రీడింగ్ ఫొటో తీసి డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇప్పుడు మూత్ర పరీక్ష కూడా చేస్తారట. బీపీకి, నిద్రకు మాత్రలు వేసుకుంటాను. ఇవన్నీ కంపెనీకి చెప్పాలా?
– ఓ డ్రైవర్, ఆటోనగర్

జవాబు: మెషీన్ సంగతి తర్వాత. మూడు వారాల దగ్గును ఇంకా షాపు టానిక్‌తో నెట్టుకొస్తున్నారా? దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించి టీబీ ఉందో లేదో తేల్చుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం. బీపీ మాత్ర పేరు మీరు రాయలేదు. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటిదైతే కొందరికి ఆ మాత్రే పొడి దగ్గు తెస్తుంది. అప్పుడు ఎన్ని సీసాలు తాగినా లాభం ఉండదు, మాత్ర మార్చాల్సిందే. అలాగని మీ అంతట మీరు మానేయొద్దు.

నా దగ్గరికి వచ్చే డ్రైవర్లలో కొందరు చొక్కా జేబులో టానిక్ సీసాతోనే వస్తారు. కొలత మూత ఎప్పుడో పోయి ఉంటుంది, ఇక గుక్కే లెక్క!

కొన్ని టానిక్కుల్లో, హోమియో చుక్కల్లో ఆల్కహాల్ ఉంటుంది. తాగిన వెంటనే ఊదితే మెషీన్ మోగొచ్చు. నోరు పుక్కిలించి, 15–20 నిమిషాలు ఆగి మళ్లీ ఊదుతానని అడగండి. చట్టం ప్రకారం పరిమితి 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. కంపెనీ అంతకన్నా కఠినంగా ఉండొచ్చు. టానిక్‌లో కోడీన్ (నల్లమందు జాతి మందు) ఉంటే మత్తు మందుల కోసం చేసే మూత్ర పరీక్ష పాజిటివ్ రావచ్చు. అక్కడికక్కడ చేసే స్ట్రిప్ టెస్టుతో తేల్చేయకుండా ల్యాబ్‌లో నిర్ధారణ పరీక్ష చేయమనండి. డాక్టర్ చీటీ ఉంటే చూపించొచ్చు, షాపులో అడిగి తెచ్చుకున్నదానికి ఏం చూపిస్తారు?

నాకు అసలు టెన్షన్ నిద్ర మాత్ర గురించే. అల్ప్రాజోలం లాంటిదైతే, పగలు వేసుకున్న మత్తు రాత్రి స్టీరింగ్ పట్టే వేళకు పూర్తిగా దిగకపోవచ్చు. బ్రీత్ ఎనలైజర్ దాన్ని పట్టుకోలేదు. రోజూ వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు. రాసిన డాక్టర్‌తో మాట్లాడి తగ్గించుకోండి. షాపువాళ్లే ఇచ్చారంటే మాత్రం నాకు కోపం వస్తుంది.

రీడింగ్ గ్రూపులో పెట్టడం తప్పే. మందుల వివరాలు మేనేజర్‌కు కాకుండా పరీక్ష చేసే డాక్టర్‌కు చెప్పండి. ఆయన డ్యూటీకి ఫిట్టో కాదో రాసిస్తే కంపెనీకి చాలు. చట్టం సంగతి యూనియన్‌నో, లాయర్‌నో అడగండి.

మిమ్మల్ని చూడకుండా ఇంతకంటే చెప్పలేను. వాడే మందులన్నీ, ఖాళీ సీసాలతో సహా ఒక కవర్లో వేసుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. షుగర్ కూడా చూపించుకోండి. కళ్లెలో రక్తం, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఈ ట్రిప్పు అయ్యాక చూద్దాం అనుకోవద్దు.