గంజాయి నూనెతో క్యాన్సర్ గడ్డ కరుగుతుందా? మా నాన్నగారి విషయంలో మేం చూసింది

మీ మామయ్యగారికి పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ నాలుగో స్టేజి అని, కీమో నడుస్తోందని, తిండి సయించడం లేదని, నొప్పితో రాత్రిళ్లు నిద్ర లేదని రాశారు. గంజాయి నూనెతో గడ్డ కరిగిపోతుందని వాట్సాప్‌లో వీడియో వచ్చింది, నిజమేనా, ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు.

నేను డాక్టర్ని కాదండీ. మా నాన్నగారికి పొట్ట క్యాన్సర్ వచ్చినప్పుడు ఇంచుమించు ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను. దొరికిందల్లా చదివాను, ఆస్పత్రిలో అడిగాను, డాక్టర్లకు చెప్పే కొంత వాడి కూడా చూశాం. అందుకని తెలిసినంత రాస్తున్నాను.

గడ్డ కరుగుతుందనడానికి మనుషుల్లో నమ్మదగిన రుజువు లేదు. కీమో వాంతులు మామూలు మందులకు లొంగనప్పుడు మాత్రం గంజాయిలోని పదార్థాలు కొందరికి పనిచేస్తాయి. దానికి మంచి ఆధారమే ఉంది. ఆకలి, నొప్పి, నిద్ర విషయాల్లో జనం చెప్పేదానికీ పరీక్షల్లో తేలినదానికీ చాలా తేడా ఉంది.

ముందు ఆ వీడియోల సంగతి. 60 గ్రాముల నూనె 90 రోజుల్లో తాగించాలని చెప్పే కోర్సు కెనడాకు చెందిన రిక్ సింప్సన్ అనే ఆయన ప్రచారం చేసింది. తన చర్మ క్యాన్సర్ దాంతోనే తగ్గిందని ఆయన చెప్పుకున్నారు, అంతకు మించి దాని వెనక ఏమీ లేదు. గంజాయిలోని ముఖ్యమైన పదార్థాలు రెండు, మత్తునిచ్చే టీహెచ్‌సీ, మత్తునివ్వని సీబీడీ. ల్యాబ్‌లో గాజు పళ్లెంలోని క్యాన్సర్ కణాలు అవి పడితే చస్తాయన్నది నిజమే. కానీ గాజు పళ్లెంలో కణాల్ని చంపే పదార్థాలు లెక్కలేనన్ని ఉన్నాయి, వాటిలో మందుగా నిలబడేవి బహు కొద్ది. మనుషుల మీద మొదటి ప్రయత్నం స్పెయిన్‌లో జరిగింది. మెదడు క్యాన్సర్ తిరగబెట్టిన 9 మందికి గడ్డలోకే నేరుగా టీహెచ్‌సీ ఎక్కించి, ఇలా ఇవ్వడం ప్రమాదం కాదని మాత్రం తేల్చారు. 2006లో ఆ ఫలితాలు వచ్చాయి. తర్వాత బ్రిటన్‌లో కీమోతో పాటు గంజాయి స్ప్రే ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత బతికి ఉన్నవాళ్లు స్ప్రే తీసుకున్నవారిలో 83 శాతం, తీసుకోనివారిలో 44 శాతం. ఈ అంకె చూసి నేనూ ఎగిరి గంతేశాను గానీ, ఆ పోలికలో ఉన్నది మొత్తం 21 మందే. అందుకే వాళ్లే 2023లో అరిస్టోక్రాట్ పేరుతో పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు. ఇదంతా ఒక రకం మెదడు క్యాన్సర్ గురించి, అదీ కీమోకి తోడుగా. పాంక్రియాస్‌కి దీన్ని అంటగట్టడానికి లేదు. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ట్రయల్ బయట క్యాన్సర్‌కి చికిత్సగా గంజాయి వాడొద్దనే చెప్పింది.

వాంతుల సంగతి వేరు. టీహెచ్‌సీని ల్యాబ్‌లో తయారుచేసిన డ్రోనబినాల్ అనే క్యాప్సూల్‌కి అమెరికాలో 1985లోనే కీమో వాంతుల కోసం అనుమతి వచ్చింది. ఆస్ట్రేలియాలో మామూలు వాంతి మందులు వాడినా ఆగని 147 మంది మీద చేసిన ట్రయల్‌లో, టీహెచ్‌సీ, సీబీడీ కలిసిన క్యాప్సూల్ తీసుకున్నవారిలో 24 శాతానికి వాంతులు పూర్తిగా అదుపులోకి వచ్చాయి, ఉత్తుత్తి క్యాప్సూల్ తీసుకున్నవారిలో 8 శాతానికే. మగత, కళ్లు తిరగడం మాత్రం ఎక్కువే. ఇక్కడ గమనించాల్సింది, వాళ్లంతా ముందు మామూలు మందులు వాడి చూసినవాళ్లు. మన దగ్గర చాలామందికి ఆ మామూలు మందులే పూర్తిగా అందడం లేదు. ఒండాన్‌సెట్రాన్ బిళ్ల ఇచ్చి పంపేస్తే అంతేననుకుంటాం. అప్రెపిటాంట్, డెక్సామెథాసోన్, ఓలాంజపిన్ అని ఇంకా వరస ఉంది.

ఈ ఓలాంజపిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో నిజంగా తేడా తెచ్చింది ఇదే. నాన్నగారికి రెండో కీమో తర్వాత నోరంతా చేదు. పెరుగన్నం రెండు ముద్దలు పెట్టుకుని కంచం పక్కకు నెట్టేసేవారు. అమ్మ వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకునేది. పాలియేటివ్ కేర్ (జబ్బు బాధల్ని తగ్గించే వైద్యం) డాక్టరుగారు రాత్రి పూట ఓలాంజపిన్ 2.5 మిల్లీగ్రాములు రాశారు. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి ‘ఇది మెంటల్ పేషెంట్లకిచ్చేది కదండీ’ అన్నాడు. దాంతో అమ్మ ఆ రాత్రి బిళ్ల ఇవ్వనే లేదు. మర్నాడు డాక్టరుతో ఫోన్లో మాట్లాడించాక గానీ ఒప్పుకోలేదు. కొద్ది రోజులు గడిచేసరికి నాన్నగారు తనంతట తానే గోంగూర పచ్చడి ఉందా అని అడిగారు. పుండు మీద కారం వద్దని చెప్పి నాలిక మీద కాస్త రాసి ఊరుకోబెట్టాం గానీ, అడిగారన్నదే మాకు పండగ. తర్వాత తెలిసింది, ఇది పుదుచ్చేరి జిప్మర్‌లో పరీక్షించి 2023లో ప్రచురించిన పద్ధతేనని. పొట్ట, ఊపిరితిత్తులు, కాలేయం, పాంక్రియాస్ క్యాన్సర్లకు కీమో తీసుకుంటున్నవారికి ఇచ్చి చూస్తే, 5 శాతానికి మించి బరువు పెరిగినవాళ్లు మందు తీసుకున్నవారిలో 60 శాతం, తీసుకోనివారిలో 9 శాతం. బిళ్ల చవకే. మీ మామయ్యగారిది సరిగ్గా ఇదే కోవ, కాబట్టి ముందు దీని గురించి అడగండి. గంజాయితో ఆకలి పుడుతుందని అందరూ అంటారు కానీ, క్యాన్సర్ రోగుల్లో డ్రోనబినాల్‌ని మెజెస్ట్రాల్ అనే పాత మందుతో పోల్చి చూస్తే డ్రోనబినాలే వెనకబడింది.

మరి మేం గంజాయి వాడామా అంటే, విజయ నూనె వాడాం. ఆయుర్వేదంలో భంగు ఆకును విజయ అంటారు. ఆన్‌లైన్‌లో ఆయుర్వేద డాక్టరు వీడియో కాల్‌లో కాసేపు మాట్లాడి చీటీ రాసిచ్చాడు, సీసా కొరియర్‌లో వచ్చింది. వాడకముందే దాన్ని పాలియేటివ్ డాక్టరుగారికి చూపించాను. ఆయన సీసాని వెలుగుకి పెట్టి లేబుల్ అటూ ఇటూ తిప్పి చదివి, ‘ఇందులో ఎన్ని చుక్కలో రాశారు, చుక్కకి టీహెచ్‌సీ ఎన్ని మిల్లీగ్రాములో రాయలేదు, నేనేం లెక్క కట్టను?’ అన్నారు. లివర్ పరీక్ష చేయించి, రాత్రి పూట అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టమన్నారు. నాన్నగారు రిటైరైన బడిపంతులు, జన్మలో బీడీ ముట్టినవారు కాదు. ‘పోలీసులు రారు కదరా’ అని నవ్వి నాలిక కింద వేయించుకున్నారు. నిద్ర బాగా పట్టింది, అందులో సందేహం లేదు. తెల్లారి బాత్రూమ్‌కి లేచినప్పుడు మాత్రం గోడ పట్టుకుని నిలబడిపోయి ‘ఇల్లు పడవలా ఊగుతోందిరా’ అన్నారు. బీపీ చూస్తే తక్కువుంది. మోతాదు సగం చేశాం, అయినా మధ్యాహ్నం దాకా మత్తుగానే ఉండేవారు. మనవరాలితో మాట్లాడే ఓపిక పోతోందని ఆయనే వద్దన్నారు, మానేశాం. నిద్రకి ఓలాంజపినే కొంత సాయపడింది. నొప్పికి దీంతో తేడా ఏమీ కనపడలేదు. క్యాన్సర్ నొప్పి మీద గంజాయి స్ప్రేతో జరిగిన పెద్ద ట్రయల్స్ కూడా అనుకున్న ఫలితం చూపించలేకపోయాయి.

మీరు ఏది వాడాలనుకున్నా ఆంకాలజిస్టుకి చెప్పకుండా వాడకండి. తిడతారేమోనని దాచేవాళ్లు చాలామంది ఉన్నారు. సీబీడీ కాలేయంలో మందుల్ని అరగదీసే ఎంజైముల్ని అడ్డుకుంటుంది. దాంతో కొన్ని మందులు ఒంట్లో ఎక్కువగా నిలిచిపోతాయి. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ వాడుతున్నవాళ్లకి ఇది ప్రమాదం. లివర్ ఎంజైములు పెరగొచ్చు కూడా. పాంక్రియాస్ గడ్డ పిత్తనాళాన్ని నొక్కి కామెర్లు వచ్చి ఉంటే ఇంకా జాగ్రత్త. ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే చికిత్స) నడుస్తుంటే మరో సంగతి: ఇజ్రాయెల్‌లో పాత రికార్డులు తీసి చూస్తే, నివోలుమాబ్ అనే ఆ రకం ఇంజెక్షన్ ఒక్కటే తీసుకున్నవారిలో 37.5 శాతానికి గడ్డ తగ్గితే, గంజాయి కూడా వాడినవారిలో 15.9 శాతానికే తగ్గింది. గంజాయి వాడినవాళ్లు అసలే ఎక్కువ జబ్బుతో ఉండి ఉండొచ్చు, కాబట్టి తప్పంతా దానిదే అనలేం. కానీ లక్షలు పోసి కొనే ఇంజెక్షన్ విషయంలో ఆ రిస్కు నేనైతే తీసుకోను.

ఎక్కడ దొరుకుతుందన్నారు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. అవి గానీ, వాటి నుంచి తీసిన నూనె గానీ దగ్గర పెట్టుకుంటే కేసే, క్యాన్సర్ రిపోర్టు చూపించినా ఆగదు. విడిగా ఆకు ఆ నిర్వచనంలోకి రాదు, అది రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల కిందకి వస్తుంది. విజయ మందులు ఆ సందులోంచే వస్తున్నాయి. పాడేరు, చింతపల్లి వైపు నుంచి తెలిసినవాళ్లు తెస్తామంటారు, దయచేసి ఆ జోలికి పోకండి. కేసు ఒక్కటే కాదు, అందులో ఏం పురుగుమందు ఉందో, ఏం బూజు పట్టి ఉందో ఎవరికీ తెలియదు. కీమోతో తెల్లరక్తకణాలు పడిపోయిన మనిషికి ఆ బూజు ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదకొస్తుంది. మా తమ్ముడు టొరంటోలో ఉంటాడు, అక్కడ షాపులో గమ్మీలు చాక్లెట్లలా దొరుకుతాయి, తెస్తానన్నాడు. కెనడాలో కొనడం చట్టబద్ధమే గానీ దేశం దాటించడం అక్కడా నేరమే, ఇక్కడా నేరమే. వద్దన్నాను. ఇక ఆన్‌లైన్‌లో దొరికే హెంప్ సీడ్ ఆయిల్ అంటే ఆ మొక్క గింజల నూనె, అందులో టీహెచ్‌సీ, సీబీడీ దాదాపు ఉండవు. తిండికి మంచిదే కావచ్చు, మందు మాత్రం కాదు.

నొప్పి గురించి. మీరు రాసినదాంట్లో మార్ఫిన్ అన్న మాటే లేదు, అంతకంటే తేలికైన నొప్పి మందు ట్రామడాల్ దగ్గరే ఆగినట్టున్నారు. ఆ 1985 చట్టం గంజాయితో పాటు మార్ఫిన్‌ని కూడా మనకి దూరం చేసింది. 2014లో సవరించాక గుర్తింపు ఉన్న ఆస్పత్రులు తేలిగ్గా ఇవ్వగలుగుతున్నాయి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. విశాఖ వైపువాళ్లైతే అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలో అడగండి. మార్ఫిన్ అంటే ఇక ఆఖరని, అలవాటైపోతుందని బంధువులు భయపెడతారు. నాన్నగారు దాని మీదే నెలల తరబడి పేపరు చదువుకున్నారు. మలబద్ధకం తప్పదు, విరేచనానికి మందు మొదటి రోజు నుంచే రాయించుకోండి.

పాంక్రియాస్‌కి ప్రత్యేకంగా రెండు ఉన్నాయి, వచ్చే అపాయింట్‌మెంట్‌లోనే అడగండి. ఒకటి, అన్నంతో పాటు వేసుకునే పాంక్రియాటిక్ ఎంజైమ్ క్యాప్సూళ్లు. తిన్నది అరగక, విరేచనం జిడ్డుగా నీళ్ల మీద తేలుతుంటే, బరువు తగ్గడానికి అదీ ఒక కారణం కావచ్చు. రెండోది సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్. పొట్ట వెనక నొప్పిని మోసే నరాల దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి వాటిని మొద్దుబారుస్తారు. వీపులోకి పొడిచే నొప్పి ఉన్నవాళ్లకి ఇది బాగా ఉపయోగపడుతుంది. మీ మామయ్యగారి నొప్పి పొట్టలోనా, వీపులోకి పాకుతోందా, పడుకుంటే ఎక్కువవుతోందా అన్నది ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, డాక్టరు ముందు అడగబోయేది అదే.