మామిడి ఈగ, కాకర ఈగ ఒకటేనా?

విజ్ఞాన శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: ఎం.వి.పి. కాలనీ రైతుబజారులో కొన్న సువర్ణరేఖ మామిడిపండ్లలో తెల్లటి పురుగులు కనిపించాయి. పిల్లలకు చూపిద్దామని వాటిని ఇసుక పోసిన సీసాలో ఉంచితే కొన్నాళ్లకు పసుపు చారలున్న ఈగలు బయటికి వచ్చాయి. మేడమీది కాకర పాదు చుట్టూ తిరిగేవీ అలాగే ఉన్నాయి. రెండూ ఒకటేనని మా అత్తగారు అంటున్నారు. శాస్త్రజ్ఞులు వీటిని ఎలా వేరుచేస్తారు? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

సమాధానం: రెండూ టెఫ్రిటిడే అనే పండుఈగల కుటుంబానికి చెందినవే కనుక మీ అత్తగారి మాటలో కొంత నిజం ఉంది, జాతులు మాత్రం వేరు. కాకర, బీర, పొట్ల, దోస వంటి పాదుల కాయలను ఆశించేది ముఖ్యంగా జ్యూగోడాకస్ కుకుర్బిటే. మామిడిలోంచి వచ్చినది చాలావరకు బాక్ట్రోసెరా డోర్సాలిస్ అయి ఉంటుంది. అయితే మన మామిడిపండ్లను బాక్ట్రోసెరా జొనేటా, బాక్ట్రోసెరా కరెక్టా అనే మరో రెండు జాతులు కూడా ఆశిస్తాయి కాబట్టి, ఏ పండులోంచి వచ్చిందన్న ఒక్క ఆధారంతో పేరు ఖాయం చేయకూడదు.

పరీక్షకు ముందు ఒక జాగ్రత్త అవసరం. పురుగు ఈగగా మారే కోశం నుంచి అప్పుడే బయటపడిన ఈగ ఒళ్లు మెత్తగా, రంగు పాలిపోయి ఉంటుంది. చారలు, మచ్చలు స్పష్టంగా తేలడానికి కొన్ని రోజులు పడుతుంది. అందువల్ల వాటికి పంచదార నీళ్లు అందిస్తూ కొద్దిరోజులు బతకనిచ్చి, ఆ తరువాత ఫ్రీజరులో ఉంచి, తెల్లకాగితం మీద భూతద్దంతో చూడండి.

మొదట వక్షం (తలకు, ఉదరానికి నడుమ ఉండే భాగం) పైభాగాన్ని గమనించాలి. డోర్సాలిస్‌కు అక్కడ ఇరువైపులా ఒక్కొక్కటి చొప్పున రెండు పసుపు చారలే ఉంటాయి. కాకర ఈగకు వాటి నడుమ మూడవ చార కూడా ఉంటుంది. తరువాత రెక్క చూడాలి. డోర్సాలిస్ రెక్క ముందంచు వెంట సన్నని నల్లని పట్టీ కొన వరకు సాగుతుంది, మిగిలిన రెక్క దాదాపు పారదర్శకంగా ఉంటుంది. కాకర ఈగలో ఆ పట్టీ కొన దగ్గర వెడల్పై మచ్చగా మారుతుంది. పైగా రెక్క బయటి అంచుకు దగ్గరగా ఉన్న అడ్డ ఈనె మీద కూడా ముదురు నీడ కనిపిస్తుంది. ఉదరం మీద ఇంగ్లీషు ‘టీ’ అక్షరం వంటి నల్లని గుర్తు చాలామంది కంటికి ముందుగా కనబడుతుంది కానీ, అది రెండింటికీ ఉంటుంది కాబట్టి వీటిని వేరుచేయడానికి పనికిరాదు.

జొనేటా, కరెక్టాలలో రెక్క అంచు పట్టీ మధ్యలో తెగిపోయి, కొన దగ్గర చిన్న మచ్చ మాత్రమే మిగులుతుంది. జొనేటా దేహం ఎరుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది. కరెక్టా వక్షం నల్లన. కరెక్టాకు మరో మంచి ఆనవాలు ముఖంలో ఉంది: డోర్సాలిస్ ముఖం మీద రెండు నల్లని చుక్కలు విడివిడిగా ఉండగా, కరెక్టాలో అవి అడ్డంగా సాగి దాదాపు కలిసిపోతాయి.

ఈ తేడాలు రైతుకు ఎంత ముఖ్యమో చెప్పాలి. అనకాపల్లి వైపు తోటల్లో కట్టే లింగాకర్షక బుట్టల్లోని మిథైల్ యూజినాల్‌కు డోర్సాలిస్, జొనేటా, కరెక్టా మగ ఈగలు ఆకర్షితమవుతాయి. కాకర ఈగ మగవి క్యూల్యూర్ అనే వేరే పదార్థానికి వస్తాయి. జాతిని పోల్చుకోకుండా కాకర పందిరికి మామిడితోట బుట్ట కడితే ఆ ఖర్చంతా వృథా.

ప్రశ్న: ఫిషింగ్ హార్బరులో ఎండుచేపల మీద వాలే ఆకుపచ్చ ఈగలు, బూడిదరంగు ఈగలు ఇంటి ఈగలోని రకాలేనా? (ఒక పాఠకుడు, వన్ టౌన్)

సమాధానం: కావు. ఇంటి ఈగ అయిన మస్కా డొమెస్టికాకు, 1758లో లినేయస్ పేరుపెట్టిన ఆ జాతికి, వక్షం మీద నాలుగు నిలువు చారలుంటాయి. మీరు చూసిన మెరిసే ఆకుపచ్చ ఈగలు కాలిఫోరిడే కుటుంబానివి. వాటిలో క్రైసోమియా మెగాసెఫాలా ఎండుచేపలకు ప్రసిద్ధమైన శత్రువు. దాని మగ ఈగ తలను ముందువైపు నుంచి చూస్తే, రెండు కళ్లూ నడినెత్తిన కలుసుకొని, పైభాగంలోని కంటి పలకలు (కంటిని ఏర్పరచే చిన్నచిన్న కటకాలు) కిందివాటికంటే స్పష్టంగా పెద్దవై ఉంటాయి. బూడిదరంగువి మూడు చారల సార్కోఫాజిడేలు; ఇవి గుడ్లకు బదులు సాధారణంగా పిల్లపురుగులనే విడిచిపెడతాయి. ఈ రెండు కుటుంబాల్లోనూ వక్షం పక్కన, వెనుక కాలి మొదలుకు పైన, దృఢమైన శూకాల (గట్టి వెంట్రుకల) వరుస ఒకటి ఉంటుంది. ఇంటి ఈగకు అది లేదు. రంగు ఎండకు, వయసుకు, నిల్వకు మారిపోవచ్చు గానీ శూకం ఊడినా దాని గుంట మిగులుతుంది. అందుకే నేను శూకాలనే ఎక్కువగా నమ్ముతాను.

బూడిద ఈగల్లో జాతి తేల్చాలంటే ఇవేవీ చాలవు. పైకి అన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి కనుక మగ ఈగ జననాంగాలను పరీక్షించడం తప్పనిసరి. కలయికలో నేరుగా పాల్గొనే ఈ భాగాల ఆకారం జాతి నుంచి జాతికి స్పష్టంగా మారుతుంది. ఉదరం చివరను వేరుచేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచితే కండరాలు కరిగి గట్టి భాగాలు మాత్రం మిగులుతాయి. వాటిని కడిగి గ్లిజరిన్‌లో పెట్టి, సూక్ష్మదర్శిని కింద చూసి బొమ్మ గీసి, చిన్న గొట్టంలో వేసి ఆ ఈగను గుచ్చిన సూదికే తగిలిస్తారు. ఆ భాగం తన దేహం నుంచి వేరైపోతే ఆ పరిశ్రమకు విలువ ఉండదు.

ప్రశ్న: డి.ఎన్.ఎ. పరీక్ష అందుబాటులో ఉండగా ఇంకా శూకాలు, ఈనెలు చూడడం ఎందుకు? (ఒక బి.ఎస్సీ. విద్యార్థి, గాజువాక)

సమాధానం: శాస్త్రీయ నామం ఒక నమూనాకు కట్టుబడి ఉంటుంది. కొత్త జాతిని వర్ణించేవారు ఒక ఈగను హోలోటైప్‌గా ఎంచి మ్యూజియంలో భద్రపరుస్తారు. తరువాతి సందేహాలన్నీ ఆ ఈగతో పోల్చి తీర్చుకోవలసిందే. పాత హోలోటైపుల్లో చాలావాటికి డి.ఎన్.ఎ. సమాచారం లేదు. పైగా జాతులను గుర్తించడానికి సాధారణంగా వాడే బార్‌కోడ్ జన్యువు, డోర్సాలిస్‌ను దానికి అతి దగ్గరిదైన బాక్ట్రోసెరా కారంబోలే నుంచి నమ్మకంగా వేరుచేయలేదు.

అయితే రూపం కూడా మోసగించగలదనడానికి ఇదే గుంపు సాక్ష్యం. ఆగ్నేయాసియా ఈగలకు 1994లో పపాయే, ఫిలిప్పినెన్సిస్ అని వేర్వేరు జాతుల పేర్లు పెట్టారు. 2003లో కెన్యాలో బయటపడిన ఈగకు 2005లో ఇన్వేడెన్స్ అని పేరు పెట్టారు. వక్షం రంగు నలుపు నుంచి ఎర్రటి గోధుమ వరకు మారుతుండడం దాని వర్ణనలో ముఖ్యమైన లక్షణం. ఆ తరువాత అనేక దేశాల పరిశోధకులు రెక్కల కొలతలు, జన్యువులు, సంపర్క ప్రయోగాలు, మగ ఈగలు వదిలే రసాయనాలు అన్నింటినీ కలిపి పరిశీలించి, ఈ మూడూ డోర్సాలిస్ నుంచి వేరు కావని 2015లో తేల్చారు. కారంబోలే మాత్రం వేరు జాతిగానే నిలిచింది. పండ్ల ఎగుమతి మీద దేశాలు విధించే ఆంక్షలు ఈ పేర్లనే ఆధారం చేసుకుంటాయి కనుక ఇది గ్రంథాలయంలో ముగిసే వివాదం కాదు. నా దృష్టిలో సరైన పద్ధతి ఇదే: రూపంతో మొదలుపెట్టి, వీలైనన్ని చోట్ల నుంచి వీలైనన్ని ఈగలను పోల్చి, ఆ తీర్మానాన్ని ఇతర ఆధారాలతో పరీక్షించడం.

మీకు ఆసక్తి ఉంటే నేటి నుంచే సేకరణ ప్రారంభించవచ్చు. ప్రతి ఈగకూ దొరికిన చోటు, తేదీ, అది పెరిగిన పండు లేక వాలిన పదార్థం, సేకరించినవారి పేరు రాసిన చీటీ ఉండాలి. ఒక కాలును ఆల్కహాల్‌లో వేరుగా దాచితే డి.ఎన్.ఎ. పరీక్షకూ దారి ఉంటుంది. కొత్త జాతి అనిపిస్తే, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం నిర్దేశిత సంస్థకు తెలియజేసి నమూనాను అక్కడ జమచేయాలి. కంబాలకొండ వంటి అభయారణ్యంలో సేకరించాలంటే అటవీశాఖ అనుమతి ముందుగానే తీసుకోవాలి.